ఒంటి జెండా

బిర్రప్‌లో పెళ్ళిళ్ళకు ఏడాదికి ఒక్కటే ముహూర్తం. గోధుమ కోతలు అయిపోవాలి, ఫుట్‌బాల్ మొదలు కాకూడదు. ఆ సందు దాటితే పెళ్ళికి వధూవరులు తప్ప ఇంకెవరూ రారు. వరుడు ఆటగాడైతే అతనూ రాడని ఊళ్ళో హాస్యం. అందుకే బ్రైడీ, కర్ట్ అక్కడ నడివేసవి అయిన ఫిబ్రవరి ఎండలో చెమటలు కారుతుండగా పెళ్ళి చేసుకున్నారు. కేకు మీద క్రీము కరిగి పళ్ళెంలోకి జారిపోయింది. బ్రైడీకి అది కూడా ముద్దొచ్చింది.

ఆ రోజుల్లో ఆమెకు ముద్దు రానిదేమైనా ఉంటేగా! ఒకే గ్లాసులో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రెండు పళ్ళ బ్రష్షులు, తీగ మీద తన గౌను పక్కన ఆరుతున్న అతని పొడుగు మేజోళ్ళు, చలి మొదలయ్యాక కారు అద్దం మీద మంచు గీకుతూ అతను వేసే ఈల, అన్నీ ఎవరో పనిగట్టుకుని తనకోసమే అమర్చిపెట్టినట్టు ఉండేవి. సాయంత్రం బడి నుంచి వచ్చి పిల్లల లెక్కలు దిద్దుకుంటూ కూర్చునేది. పొలం నుంచి తిరిగొచ్చే కర్ట్ గేటు దగ్గర పికప్ హారన్‌ని రెండుసార్లు పొట్టిగా కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే చేతిలో కలం అక్కడే పడేసి గుమ్మంలోకి పరిగెత్తేది. పొద్దున చూసిన మొహమే కదా అని ఆమెకు ఒక్కనాడూ అనిపించలేదు.

ఊరికి కర్ట్ అంటే పొలం గుర్తురాదు, ఎర్ర చొక్కా గుర్తొస్తుంది. బిర్రప్ జట్టుకు అతను కెప్టెన్. ముందు వరసలో ఆడి గోల్స్ కొట్టేది అతనే. వాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతిని గాల్లో చేత్తో పట్టినవాడికి అడ్డులేకుండా తన్నే హక్కు ఉంటుంది. పదిమంది మధ్యలోంచి లేచి అతను బంతిని గాల్లోనే పట్టాడంటే, ఇక ఆ బంతి స్తంభాల మధ్యలోంచి పోయినట్టేనని అంతా లేచి నిలబడేవారు. ఏప్రిల్ నుంచి మే దాకా బిర్రప్ ఆడిన ఆటల్లా గెలిచింది. చలికాలంతో జూన్ వచ్చేసరికి ఏం దృష్టి తగిలిందో, ఓడడం మొదలుపెట్టింది.

అదీ మామూలు ఓటమి కాదు. ఆ ఆటలో ప్రతి చివరా నాలుగు స్తంభాలు ఉంటాయి. నడిమి రెండు పొడుగు స్తంభాల మధ్యలోంచి బంతిని తంతే గోలు, ఆరు పాయింట్లు. గోల్ అంపైర్ తెల్ల కోటు సర్దుకుని రెండు జెండాలు ఊపుతాడు. పక్కనున్న పొట్టి స్తంభం వైపు పోతే ఒక్కటే పాయింటు, ఒంటి జెండా. బిర్రప్ కుర్రాళ్ళు బంతిని చక్కగానే తీసుకొస్తున్నారు, చక్కగానే పడుతున్నారు. తీరా తన్నేసరికి అది పక్కకి పోతోంది. ఆట ముగిశాక స్కోరు పలక మీద చూస్తే గోల్స్ మూడో నాలుగో, పాయింట్లు మాత్రం పదిహేను, పదిహేడు. వండిన కూరంతా పొయ్యి మీదే ఒలికిపోయినట్టు.

"ఏం పెడుతున్నావమ్మాయ్ మావాడికి?" మైదానం పక్కనున్న క్యాంటీన్‌లో నోర్మా అడిగింది. పాతికేళ్ళుగా ఆ క్యాంటీన్ ఆవిడ రాజ్యం. మాంసం కూరిన 'పై' రొట్టెల్లో ఎవరిదాని మీద ఎంత సాస్ పోయాలో కూడా ఆవిడే నిర్ణయిస్తుంది.

"నేను పెట్టడమేంటి నోర్మా, మీవాడు వండితే నేను తింటున్నా," అంది బ్రైడీ టీ కప్పులు పేరుస్తూ. ఉదయం ఆడవాళ్ళ నెట్‌బాల్ ఆట ఆడి వచ్చిన చెమట ఇంకా ఆరలేదు.

"నేనడిగేది వంట సంగతి కాదులే."

అక్కడున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. కిటికీలోంచి డబ్బులు చాపుతున్న ముసలాయన కూడా మాట కలిపాడు: "కొత్త పెళ్ళికొడుకు కాళ్ళు పొద్దున్నే వణుకుతాయి మరి. వారానికి రెండ్రోజులు వాణ్ణి మా ఇంట్లో పడుకోబెట్టుకుంటాం, అరువివ్వు తల్లీ, ఫైనల్స్ అయ్యాక తిరిగిచ్చేస్తాం."

బ్రైడీ కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదు. మొదటి వారం నిజంగానే నవ్వొచ్చింది, మూడో వారానికి నవ్వు దవడలోనే ఆగిపోయింది. ఆమె దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. ఇక్కడ ఇంకా అందరి కుక్కల పేర్లూ తెలియవు. ఆటలన్నీ గెలుస్తున్న జట్టు ఆమె కాలు పెట్టిన ఏడాదే పడిపోయిందన్న మాట హాస్యంగానే తిరుగుతోంది గానీ, హాస్యం కూడా పదినోళ్ళు తిరిగితే నిజంలా వినిపిస్తుంది.

పైగా ఈ ఏడాది ఓడడమంటే ఊరికే ఓడడం కాదు. ఊళ్ళో కుర్రాళ్ళు తగ్గిపోతున్నారు. ఫైనల్స్‌కి చేరకపోతే వచ్చే ఏడు బిర్రప్ జట్టును పక్కూరు వొర్రాగీలో కలిపేస్తామని లీగ్ వాళ్ళు ముందే చెప్పేశారు. తాతల నాటి ఎర్ర చొక్కా పోయి వొర్రాగీ నీలం చొక్కా తొడుక్కోవాలంటే బిర్రప్‌లో సగంమందికి ప్రాణం పోయినట్టే. వొర్రాగీ దుకాణంలో పాలు కూడా కొనని ఇళ్ళున్నాయి ఆ ఊళ్ళో.

ఎందుకు ఓడుతున్నామో చెప్పడానికి మాత్రం మనుషులకు కొరత లేదు. కొత్తగా కొన్న బంతులు బరువని కొందరు, గోల్ స్తంభాలకు వేసిన కొత్త రంగు కళ్ళకు కొడుతోందని ఇంకొందరు అన్నారు. విత్తనాల పనిలో కుర్రాళ్ళు ట్రాక్టర్ల మీద కూర్చుని కూర్చుని నడుములు పట్టేశాయని కోచ్ లాఫ్టస్ అన్నాడు. ఆయన గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేస్తాడు కాబట్టి లోకంలో ఏ జబ్బైనా నడుములోనే మొదలవుతుందని ఆయన నమ్మకం.

క్లబ్బు ప్రెసిడెంటు లెస్ మాట వేరు. గురువారం ప్రాక్టీసు అయ్యాక అందరూ క్లబ్బులో కూర్చుని సూప్ తాగుతుంటే ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"జట్టులో లోపం లేదు. లోపం మనలో ఉంది," అన్నాడు. "చలి చలి అని ఇళ్ళల్లో కూర్చుంటున్నారు. మైదానం చుట్టూ కార్లెన్ని ఉంటున్నాయి? పళ్ళూడిన నోరులా మధ్యమధ్యలో ఖాళీ! కుర్రాడు గోలు కొట్టాడంటే భూమి అదరాలి. హారన్ మోగితేనే కదా వాడి రక్తం పొంగేది! ఈ శనివారం ప్రతి ఇంటి బండీ రావాలి. నేను గోధుమ ట్రక్కు తెస్తున్నా. దాని హారన్ కొడితే వొర్రాగీలో గొర్రెలు ఈనాలి."

అందరూ బల్లలు చరిచారు. ఆ ప్రాంతంలో అది ఆచారం. కార్లు, పికప్‌లు మైదానం గీత చుట్టూ ముక్కు లోపలికి పెట్టి ఆపుకుని, హీటరు వేసుకుని, ఒళ్ళో టీ పెట్టుకుని ఆట చూస్తారు. తమ జట్టు గోలు కొడితే చప్పట్లు ఉండవు, అన్ని బండ్ల హారన్లూ ఒక్కసారి మోగుతాయి. ఒంటి పాయింటుకు మాత్రం ఎవరూ చెయ్యి కదపరు.

బ్రైడీ కర్ట్ వైపు చూసింది. అతను కూడా అందరితోపాటు బల్ల చరిచాడు గానీ, ఆ చప్పుళ్ళ మధ్య కళ్ళు మూసుకున్నాడు.

ఆ చలికాలం ఇంట్లోనూ ఏదో మారింది. కర్ట్ గేటు దగ్గర హారన్ కొట్టడం మానేశాడు. మొదట్లో మరిచిపోయాడనుకుంది. తర్వాత బండి చప్పుడు కాకుండా వచ్చి, పెరటి తలుపు తోసుకుని లోపలికి వస్తున్నాడు. ఆమె పాడుకుంటూ గిన్నెలు కడుగుతుంటే, "కాసేపు ఊరుకో బ్రైడ్," అన్నాడు ఒకరోజు. ఆమె గబుక్కున ఊరుకుంది. ఆ రాత్రి తన పాట అంత బాగుండదా అని ఆలోచించింది. పగలు కూడా పరదాలు వేస్తున్నాడు. పెళ్ళయ్యి ఇంకా ఆరు నెలలు కాలేదు. అప్పుడే మొహం మొత్తిందా? ఇలాంటివి ఎవర్ని అడుగుతాం? అమ్మని అడిగితే కంగారుపడుతుంది, నోర్మాని అడిగితే సాయంత్రానికి ఊరంతా పై రొట్టెలు తింటూ మాట్లాడుకుంటారు. మింగలేక కక్కలేక ఊరుకుంది.

లెస్ ట్రక్కు తెచ్చిన శనివారం బిర్రప్ ఇంకా ఘోరంగా ఓడింది. ఆ తర్వాతి వారం బయటి ఊరి ఆట. అక్కడ రెండ్రోజులుగా వాన పడి మైదానం చుట్టూ బురద. బండ్లు దిగబడతాయని రోడ్డు మీదే ఆపించేశారు. జనం గొడుగులు పట్టుకుని గీత చుట్టూ నిలబడి, చేతి తొడుగులతో మెత్తగా చప్పట్లు కొట్టారు. ఆ రోజు కర్ట్ కాలికి ఏం పూనిందో! పట్టిన బంతి పట్టినట్టు స్తంభాల మధ్యలోంచి పంపించాడు. బిర్రప్ గెలిచింది. తిరిగొచ్చేటప్పుడు పికప్‌లో బ్రైడీ అతని భుజం మీద తల పెట్టుకుంది. తడిసిన ఉన్ని వాసన. అతను ఈల వేశాడు. ఎన్ని వారాలకో!

"జోరు తిరిగొచ్చింది మావాళ్ళకి," అని నోర్మా అందరికీ ప్రకటించింది. "చెప్పానా, అంతా వాతావరణం!"

ఆ తర్వాతి శనివారం సొంత మైదానం. ఎండ కాసింది. బండ్లన్నీ వచ్చాయి. లెస్ గోధుమ ట్రక్కును సరిగ్గా గోల్ స్తంభాల వెనక నిలబెట్టి, పైనున్న హారన్ తాడు చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. బ్రైడీ పికప్‌ను దాని పక్కనే పెట్టుకుంది.

ఆట నాలుగు క్వార్టర్లు. మూడో క్వార్టర్‌లో కర్ట్ బంతిని పట్టాడు. స్తంభాలకు ఎదురుగా, దగ్గరగా. బ్రైడీ బళ్ళో పిల్లలైనా తన్నగల దూరం. అతను వెనక్కి నడిచి, తిరిగి, తల ఎత్తాడు. బ్రైడీ అతనికి సూటిగా ఎదురుగా ఉంది కాబట్టి అతని చూపు స్తంభాల మీద లేదని ఆమెకు తెలిసిపోయింది. అతను బండ్లను చూస్తున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్కో బండినీ. ట్రక్కు మీద చూపు ఆగింది. అతని భుజాలు చెవుల దాకా లేచాయి. ఆకాశంలో గద్ద తిరుగుతుంటే కోడి ముడుచుకున్నట్టు ముడుచుకున్నాడు. పరిగెత్తాడు, తన్నాడు. బంతి పక్కకి పోయింది.

ఒంటి జెండా ఊగింది. మైదానమంతా "అయ్యో" అని ఒక నిట్టూర్పు, అంతే. ఏ హారనూ మోగలేదు. కర్ట్ భుజాలు కిందికి దిగాయి. మొహం విప్పారింది. ఆ మొహం బ్రైడీకి తెలుసు. ఈ మధ్య రాత్రిళ్ళు అతను తలనొప్పని చెప్పినప్పుడు ఆమె దీపం ఆర్పితే అతని మొహం అలాగే విప్పారేది.

గేటు దగ్గర ఆగిపోయిన రెండు పొట్టి హారన్లు, పాట, పరదాలు, బురద మైదానంలో గెలుపు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఒకే చోట నిలబడ్డాయి.

"చూశావా, ఊపు చాలట్లేదు వాడికి!" ట్రక్కు పైనుంచి లెస్ అరిచాడు. "వొర్రాగీ ఆటకి ఫైరింజన్ కూడా తెప్పిస్తా!"

మర్నాడు పొద్దున వంటింట్లో కర్ట్ గుడ్లు వేయిస్తుంటే ఆమె అడిగేసింది.

"నీ తలకి దెబ్బ తగిలింది కదూ?"

అతను అట్లకాడ ఆపలేదు. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నిన్న నువ్వు గోలు తప్పించి ఊపిరి పీల్చుకున్నావు. నేను చూశాను."

గుడ్డు అంచులు మాడుతున్నాయి. అతను పొయ్యి కట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. మే చివర్లో ఒక ఆటలో బంతికోసం వెనక్కి పరిగెడుతుంటే ఎవరిదో మోకాలు కణతకు తగిలిందట. లేచాడు, ఆడాడు, గెలిచారు. ఆ సాయంత్రం జరిగిందేదీ గుర్తులేదట.

"హారన్లు మోగితే తలలో మేకు దిగినట్టుంటుంది బ్రైడ్. ఆ తర్వాత కాసేపు ఎవరెటున్నారో తెలీదు. కావాలని పక్కకి తన్నట్లేదు, ఒట్టు. నేను మధ్యకే తందామనుకుంటా. కాలు దానంతటదే తిరిగిపోతోంది."

"డాక్టరు దగ్గరికి ఇప్పుడే పోదాం, లే."

"ఇది మూడోసారి." అతను ఆమె మొహం చూడలేదు. "ఇరవై ఏళ్ళప్పుడు రెండోది తగిలింది. ఇంకోటి తగిలితే ఆట మానేసి బూట్లు మేకుకి తగిలించెయ్యమన్నాడాయన. ఇప్పుడెళితే ఇంకెప్పుడూ ఆడనివ్వరు. నేను లేకపోతే ఈ శనివారం వొర్రాగీ మీద గెలవలేం. గెలవకపోతే క్లబ్బే ఉండదు. ఆ ఒక్క ఆట. సోమవారం నువ్వెక్కడికి తీసుకెళ్తే అక్కడికొస్తా. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

"పోనీ హారన్లు కొట్టొద్దని చెప్తా వాళ్ళకి."

"ఎందుకని అడుగుతారు. ఏం చెప్తావు?"

అతను బల్ల మీదుగా చెయ్యి చాపాడు. బొబ్బలు కట్టిన అరచెయ్యి, ఇంకా కొత్తగానే మెరుస్తున్న ఉంగరం. ఆ చెయ్యి చూసి ఆమె మాటిచ్చింది. ఇచ్చిన క్షణం నుంచే ఆ మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. వారమంతా బడిలో ఏ పిల్లవాడైనా బల్ల మీద పుస్తకం టపీమని వేస్తే ఉలిక్కిపడేది. రాత్రిళ్ళు అతని ఊపిరి వింటూ పడుకునేది.

శనివారం మైదానం చుట్టూ వేలు పట్టే సందు కూడా లేదు. వొర్రాగీ వాళ్ళు సగం చుట్టూ నీలం జెండాలు కట్టిన బండ్లు దింపారు. లెస్ అన్నంత పనీ చేశాడు. ట్రక్కు పక్కన ఎర్రగా ఫైరింజన్. గోలు ఎవరు కొట్టినా ఇక లాభం లేదు, ఏదో ఒక పక్క మోగుతుంది. కర్ట్ కాలు తప్పించగలిగింది తన గోల్స్‌నే. వొర్రాగీ గోల్స్‌ని ఎవరు తప్పిస్తారు? మోగిన ప్రతిసారీ బ్రైడీ తన చెవులు మూసుకుంది, అలా మూసుకుంటే అతనికేదో తగ్గుతుందన్నట్టు. హాఫ్‌టైంలో దుస్తుల గది గుమ్మందాకా వెళ్ళింది. అతను కనిపించి బొటనవేలు పైకెత్తాడు. ఆమె అదే నమ్మి పిచ్చిదానిలా తిరిగొచ్చింది.

మూడో క్వార్టర్ ముగిసిన సైరన్ మోగింది. అప్పుడు జనమంతా గీత దాటి మైదానంలోకి నడుస్తారు. కోచ్ చివరి మాటలు ఊరు ఊరంతా చుట్టూ నిలబడి వినాల్సిందే, అదీ అక్కడి పద్ధతి. ముసలివాళ్ళు, కుక్కలు, పసిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. ఎర్ర గుంపు ఒక పక్క, నీలం గుంపు ఒక పక్క. బ్రైడీ ఎర్ర గుంపు దగ్గరికి వచ్చి వెతికింది. కర్ట్ లేడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తలతిప్పి చూసింది.

కర్ట్ నీలం చొక్కాల మధ్యలో నిలబడి ఉన్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, తల వంచుకుని, వొర్రాగీ కోచ్ చెప్పేదంతా శ్రద్ధగా వింటున్నాడు.

"ఓర్నీ, వీడి ధైర్యం చూడండ్రా!" లెస్ తొడ చరిచాడు. "వాళ్ళ గూట్లోకెళ్ళి వెక్కిరిస్తున్నాడు! అదీ కెప్టెనంటే!"

వొర్రాగీ కుర్రాళ్ళు కూడా నవ్వుతూ అతన్ని తోశారు. "ఏంట్రా కర్ట్, అప్పుడే మాలో కలిసిపోయావా? సీజన్ అయ్యేదాకా ఆగు!" కర్ట్ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసి చిన్నగా నవ్వాడు. ఎవరింట్లోనో నిద్రలేచినవాడు మర్యాదకు నవ్వే నవ్వది.

మైదానం మధ్యలో నవ్వుల మీదుగా బ్రైడీ నడిచింది. మాటిచ్చాననే సంగతి గుర్తుంది. గుర్తున్నా కాళ్ళు ఆగలేదు. అతని చెయ్యి పట్టుకుంది. బడిలో దారితప్పిన చిన్నపిల్లవాడిని తరగతికి తీసుకొచ్చినట్టు, అంతమంది చూస్తుండగా అతన్ని ఎర్ర గుంపులోకి నడిపించుకొచ్చింది.

లాఫ్టస్ మాట మధ్యలో ఆపాడు. "ఏంటమ్మా ఇది? ఆట మధ్యలో సంసారమా?"

గుంపులో మళ్ళీ నవ్వు.

"ఇతనిక ఆడడు," అంది బ్రైడీ. గొంతు సన్నగా వచ్చింది. ఇంకాస్త గట్టిగా అంది: "తలకి దెబ్బ తగిలింది. మే నుంచీ ఉంది. మీ హారన్లకి తట్టుకోలేక గోల్స్ తప్పిస్తున్నాడు."

"ఏమీ లేదు," కర్ట్ చెయ్యి లాక్కున్నాడు. మొహం ఎర్రబడింది. "నువ్వు చెప్పనన్నావు బ్రైడ్. మాటిచ్చావు. ఏమీ లేదు కోచ్, ఊరికే నవ్విద్దామని వెళ్ళా."

లాఫ్టస్ అతన్ని కాసేపు చూశాడు. ఆ తర్వాత మెల్లగా, గొర్రెను బెదరనివ్వకుండా పట్టుకునేవాడి గొంతుతో అడిగాడు: "సరేరా. ఈ క్వార్టర్‌లో మనం ఎటు తన్నాలి?"

కర్ట్ తల ఎత్తాడు. ట్రక్కు ఉన్న చివర చూశాడు. తర్వాత రెండో చివర చూశాడు. మళ్ళీ ట్రక్కు వైపు చూశాడు. అతని పెదవులు కదిలాయి. గుంపులో ఎవరి చంకలోనో పసిపిల్ల ఊఁ అంది. ఐదేళ్ళ వయసు నుంచీ ఆ గడ్డి మీద పొర్లినవాడి చెయ్యి, ఎటు తన్నాలో చూపించడానికి సగం లేచి అక్కడే ఉండిపోయింది.

"చొక్కా విప్పు నాన్నా," అన్నాడు లాఫ్టస్.

లెస్ టోపీ తీశాడు. ఏదో అనబోయి, "నేను ట్రక్కు..." అని ఆగిపోయాడు. గబగబా బండ్ల వైపు నడిచాడు, నడుస్తూ నడుస్తూనే పరిగెత్తాడు.

బ్రైడీ కర్ట్‌ను పికప్‌లో కూర్చోబెట్టింది. అతని ఒంటి మీద తన కోటు కప్పింది. అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సైరన్ మోగి చివరి క్వార్టర్ మొదలైంది. ఆమె తాళంచెవి తిప్పేలోపే ఎదురుగా ఎర్ర చొక్కా ఒకటి లేచింది, బంతి స్తంభాల మధ్యలోంచి సూటిగా వచ్చింది. గోల్ అంపైర్ రెండు జెండాలు ఊపాడు.

ఏమీ మోగలేదు. అన్ని బండ్లు అక్కడే ఉన్నాయి, అందరి చేతులూ ఒళ్ళో ఉన్నాయి. అవతలి పక్క నీలం జెండాల బండ్ల దగ్గర లెస్ వంగి, ఒక్కో అద్దం తట్టి ఏదో చెబుతున్నాడు.

"పాయింటా?" కర్ట్ కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"గోలు."

"మరి హారన్లేవీ?"

అతని మొహంలో అర్థమైన గుర్తు కనిపించింది. మైదానం చుట్టూ ఒక్కరు మిగలకుండా అందరికీ తెలిసిపోయిందని. అతను కోటు మొహం మీదికి లాక్కున్నాడు. దాని కింద భుజాలు కదులుతున్నాయి.

నోర్మా క్యాంటీన్ వదిలేసి వచ్చి గేటు తెరిచి పట్టుకుంది. చేతిలోని నీళ్ళ సీసా కిటికీలోంచి అందించి, "పట్నం ఆసుపత్రికి ఫోన్ చేశాను, మీకోసం ఎదురు చూస్తుంటారు," అంది. ఆవిడ అంత తక్కువ మాట్లాడగలదని బ్రైడీకి ఆ రోజే తెలిసింది.

రోడ్డుకు రెండు పక్కలా గోధుమ మొలకలు పచ్చగా, చలికి తలలు వంచుకుని ఉన్నాయి. ఆమె గుంతలు తప్పిస్తూ నడిపింది. చాలా దూరం పోయాక కర్ట్ కోటు కిందికి దించాడు.

"చెప్పేశావు."

"చెప్పాను."

"ఇంకెప్పుడూ ఆడనివ్వరు నన్ను."

"తెలుసు."

"మనం ఓడిపోతే, అంతా పోతే, వాళ్ళందరూ నా వల్లే అంటారు. నీ వల్లే అంటారు."

"అననీ."

తర్వాత, "ఎంతలో ఉన్నాం మనం? గెలుస్తున్నామా?" అని అడిగాడు. ఆమె తనకు తెలిసినంత చెప్పింది. కొంతదూరం పోయాక అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు, మొదటిసారి అడిగినట్టే. మళ్ళీ చెప్పింది.

"ఆపు బ్రైడ్," అన్నాడు ఉన్నట్టుండి.

ఆమె రోడ్డు పక్కన బండి ఆపి అటువైపు పరిగెత్తింది. అతను తలుపు తీసుకుని మోకాళ్ళ మీద గడ్డిలోకి ఒరిగి, కడుపులో ఉన్నదంతా కక్కాడు. ఆమె పక్కన కూర్చుని ఒక చేత్తో అతని నుదురు పట్టుకుంది. చెమటతో చల్లగా తగిలింది నుదురు. ఆ చెయ్యిని తోసేస్తాడేమోనని చూసింది. అతను ఆమె మొహం చూడలేదు. తల బరువంతా మాత్రం ఆమె అరచేతిలో పెట్టేశాడు. ఆమె కదలకుండా పట్టుకుని ఉండిపోయింది.